అంచె ఊరు

పోస్ట్ టౌన్ అంటే పోస్టాఫీసుల ఊరనుకుంది మా సుభద్ర. నేను నవ్వాను. లోపల్లోపల నవ్వుకుని ఊరుకున్నా బాగుండేది. ట్రావెల్ ఆఫీసులో, టికెట్లు చూసే అమ్మాయి ముందు, కుర్చీ కిర్రుమనేలా నవ్వాను.

అది 2005 జూన్. ఆక్లాండ్ సిటీ సెంటర్‌లో కూర్చుని, వచ్చే ఏప్రిల్‌కి ఇండియా ప్రయాణం మాట్లాడుకుంటున్నాం. ఒసాకా మీదుగా వెళ్తే మధ్యలో మూడు రోజులు జపాన్‌లో ఆగవచ్చని చెప్పి, ఆ అమ్మాయి ఒక రంగుల కాగితం సుభద్ర చేతిలో పెట్టింది. కొండవాలు మీద రాళ్లు పరిచిన వీధి, రెండు వైపులా నల్లబడ్డ చెక్క ఇళ్లు, పక్కన నీళ్లు పారే సన్నని కాలువ. బొమ్మ కింద ఇంగ్లీషులో, పాత రహదారి మీద చారిత్రక పోస్ట్ టౌన్ మాగోమె, అని ఉంది.

సుభద్ర దాన్ని రెండుసార్లు చదివింది. "ఏవండీ, ఊరు ఊరంతా పోస్టాఫీసు కోసవే కట్టేరంటండీ. చూద్దావండీ. పాత ముద్రలేవైనా ఉంటే కార్డు మీద కొట్టించుకోవచ్చు" అంది.

ఆమె అలా అనుకోవడానికి కారణం ఉంది. పెళ్లికి ముందు రెండేళ్లు, పెళ్లయ్యాక పదకొండేళ్లు ఆమె రాజమండ్రి స్టేషన్‌లో ఆర్.ఎమ్.ఎస్. ఆఫీసులో ఉత్తరాలు వేరు చేసేది. రైలు దించిన సంచులు విప్పడం, ఒక్కో ఉత్తరాన్నీ అది వెళ్లాల్సిన ఊరి గూట్లో వెయ్యడం, మళ్లీ సంచి కట్టి లక్క ముద్ర వెయ్యడం. నా వీసా మీద ఇక్కడికి రావడానికి ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది. ఇక్కడ ఉత్తరాలు వేరు చేసే పని మెషీన్లది. ఆమెకు ఇండియన్ షాపులో పప్పుల ప్యాకెట్లు అరల్లో సర్దే పని దొరికింది. అలాంటి మనిషికి ‘పోస్ట్’ అన్న మాట కంటబడితే ఇంకేం తోస్తుంది?

ఇంత వివరంగా ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజు మాత్రం, "పోస్టంటే నీ పోస్టాఫీసు కాదు మహాతల్లీ, ప్రయాణంలో ఆగే మజిలీ" అన్నాను. నిజానికి నాకూ అంతకంటే తెలియదు. తెలియదని ఒప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. ఎందుకు నవ్వుతున్నానని ఆ అమ్మాయి అడిగితే ఇంగ్లీషులో చెప్పాను కూడా. ఆ పిల్లా నవ్వింది. సుభద్ర కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. కారులో ఫ్లాట్ బుష్‌లో మా ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికే చూసింది. మోటర్‌వే మీద ట్రాఫిక్కును తిట్టుకుంటూ నేనా సంగతి గమనించనే లేదు.

ఆగస్టులో ఆమె కుడికాలు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. వంటింట్లో నడుస్తుంటే పాదం నేలకు టప్పుమని తగిలేది. "కాలెత్తి నడువు, ఆ ఈడ్పేంటి?" అని నెల రోజులు విసుక్కున్నాను. ఇక్కడ ఆగస్టంటే చలికాలం; ఆ కాలపు చెప్పులు వదులయ్యాయని ఆమె కొత్త చెప్పులు కొనుక్కుంది. కొత్త చెప్పులూ టప్పుమన్నాయి. అక్టోబరులో ఇంటి ముందు కారు దిగుతూ బోర్లా పడింది. పరీక్షల మీద పరీక్షలు చేసి, నవంబరు ఆఖర్లో ఆస్పత్రిలో పెద్ద డాక్టరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి జబ్బు పేరు చెప్పాడు. మోటార్ న్యూరాన్ జబ్బు. మెదడు పంపే కబురు కండరాలకు అందడం ఆగిపోతుందట. ముందు కాళ్లు, తర్వాత చేతులు, తర్వాత మాట, ఆఖరికి ఊపిరి. మందు లేదు. ఈమెకు వేగంగా ముదురుతోంది కాబట్టి ఏడాది అనుకోమన్నాడు.

"ఏప్రిల్ దాకా నడుస్తానా?" అని అడిగింది సుభద్ర, తన ఇంగ్లీషులో.

 జపాన్ ప్రయాణం మానుకోమన్నాడు ఆయన.

కారు పార్కింగులో ఆమె సీటు బెల్టు పెట్టుకోకుండా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "ఇది మిస్‌సెంట్ అండీ" అంది. పొరపాటున వేరే ఊరి సంచిలో పడి వచ్చిన ఉత్తరం మీద కొట్టే ముద్ర పేరది. "ఎవరికో రావాల్సింది. మనకొచ్చేసింది." నేను బెల్టు పెట్టాను. ఏడుపు వచ్చింది. ఏడవడానికి బదులు, పార్కింగులో అడ్డంగా వచ్చిన ముసలాయన మీద హారన్ కొట్టాను.

మాకు పిల్లలు లేరు. మా వెనక ఇంట్లో ఉండే విశాఖపట్నం మంగాదేవి ఆంటీ, నేను డ్యూటీకి వెళ్లాక పగలంతా వచ్చి కూర్చునేది. సాయంత్రాలు నేను కంప్యూటర్ ముందు కూర్చుని మాగోమె గురించి చదవడం మొదలుపెట్టాను. ఎందుకని అడిగితే నిజమే చెబుతాను: ఆమెది తప్పు, నాది రైటు అని రుజువు చేసుకోవడానికి. ఏడాదిలో పోయే మనిషి మీద కూడా గెలవాలనిపించింది నాకు. అలాంటి బుద్ధి నాది.

చదివితే తేలిందేమిటంటే, ఆ రహదారి మీద ప్రతి ఊరూ గుర్రాలనూ కూలీలనూ సిద్ధంగా ఉంచేదట. ఈ ఊరి కూలీ బరువును పక్క ఊరి దాకానే మోస్తాడు. అక్కడ కొత్తవాడికి అప్పగించి, ఖాళీ చేతులతో వెనక్కి నడిచి వస్తాడు. ప్రభువుల ఉత్తరాలు మోసే మనుషులూ అలాగే మారేవారు. అంటే ఉత్తరాలు చేతులు మారిన ఊళ్లే అవి. సుభద్ర అన్నదాంట్లో పెద్ద తప్పేమీ లేదు. ఆ సంగతి చదివిన రోజు కంప్యూటర్ ఆపేసి పడుకున్నాను. ఆమెతో చెప్పలేదు.

ఇంకొకటి కూడా కంటబడింది. మాగోమె వీధి పొడవు సుమారు ఆరు వందల మీటర్లు, కింది నుంచి పైదాకా ఎక్కుడే.

నేను రోడ్ల ఇంజనీర్ని. ఫ్లాట్ బుష్‌లో ఆవులు మేసిన పొలాలను ఇళ్ల స్థలాలుగా కోసి అమ్మే కంపెనీలో రోడ్లు వేయించడం నా పని. పేరులోనే ఫ్లాటున్న చోట కొండ వెతకడం కష్టమే గానీ, తూర్పు వైపు మా మూడో లేఅవుట్‌లో పైకెక్కే వీధి ఒకటి డిసెంబరుకి తయారైంది. తారు పోశాం, అంచుల్లో కెర్బు రాళ్లు కట్టాం, దీపస్తంభాలు నిలబెట్టాం. ఇళ్లు ఒక్కటీ లేవు. వీధికి ఇంకా పేరు కూడా పెట్టలేదు. క్రిస్మస్‌కి ఈ దేశంలో కట్టుబడి పనులన్నీ మూతబడతాయి. జనవరి సగం దాకా సైటు మీద పురుగైనా కనబడదు.

డిసెంబరు ఇరవై నాలుగు పొద్దున్నే టేపు, సుత్తి, ఏడు చెక్క పెగ్గులు పట్టుకెళ్లాను. సర్వేలో హద్దులకు కొట్టే పెగ్గులే. వాటి మీద నల్ల మార్కరుతో తెలుగులో రాశాను. వీధి మొదట్లో ‘నీటి చక్రం’. అక్కణ్నుంచి కొలుచుకుంటూ ‘మలుపు’, ‘టీ కొట్టు’, ‘గుర్రాల కొట్టం’ అని దిగగొట్టుకుంటూ వెళ్లాను. ప్రభువులు దిగే ‘దొరల సత్రం’ మూడు వందల ఎనభై మీటర్ల దగ్గర, ‘చిన్న సత్రం’ దాని పైన. సరిగ్గా ఆరు వందల దగ్గర, ప్రభుత్వం వారి ఆజ్ఞలు వేలాడదీసే ‘నోటీసు బోర్డు’. అదే ఆఖరు. అక్కడి నుంచి చూస్తే మాగోమెలో పెద్ద పర్వతం కనిపిస్తుందట. మాకు మోటర్‌వే కనిపిస్తుంది.

క్రిస్మస్ మర్నాడు ఆమెను తీసుకెళ్లాను. కుడి బూటులో పాదాన్ని ఎత్తిపట్టే ప్లాస్టిక్ అచ్చు, ఎడమ చేతిలో కర్ర, కుడి చెయ్యి నా భుజం మీద. మొదటి పెగ్గు దగ్గర వంగి చదివింది.

"చక్రమేదండీ?"

"ఉందనుకో."

చెవి పక్కకు వంచి వింది. "తిరుగుతోందండోయ్" అంది. అన్నాళ్ల తర్వాత ఆమె మొహంలో నవ్వు చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

మలుపు దగ్గర వీధికి అడ్డంగా అవతలి వైపుకు నడిపించాను. శత్రువులు ఒక్క ఉరుకున ఊళ్లోకి రాకుండా మాగోమెలో దారిని అక్కడ అడ్డంగా తిప్పారట. "మనం శత్రువులం కాదు కదా, తిన్నగా పోనివ్వండి, కాలు లాగుతోంది" అంది. ప్లాను ప్రకారమే నడవాలన్నాను. గొణుక్కుంటూ నడిచింది.

గుర్రాల కొట్టం దగ్గర, రెండు వందల నలభై మీటర్లకి, ఇక చాలంది. మడత స్టూలు వేసి కూర్చోబెట్టాను. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాను. గుర్రాలేం చేసేవని అడిగింది. అప్పుడు, తప్పించుకోవడానికి లేక, చదివినదంతా చెప్పాను.

"అయితే అంచె ఊరని చెప్పండి" అంది వెంటనే. "మా ఆఫీసులో శ్రీరామచంద్రమూర్తి గారని పెద్దాయనుండేవారు. మనది అంచె ఉద్యోగం అమ్మాయ్ అనేవారు. వెనకోడు ఇచ్చింది ముందోడి చేతిలో పెట్టడవే. చేరిందా లేదా అని చూడ్డం మన పని కాదు, అక్కడిదాకానే మన అంచె అనేవారు." కప్పు రెండు చేతులతో పట్టుకుని ఒక గుక్క తాగింది. "మీరు ఊరికే నవ్వేరు. నేనన్నదే రైటు."

అవును, నువ్వే రైటు. రెండు మాటలు. నోటిదాకా వచ్చాయి.

"సర్లే, లేస్తావా? ఎండెక్కుతోంది" అన్నాను.

దిగి వచ్చేటప్పుడు వెనక్కి తిరిగి పైకి చూసింది. "ఆ నోటీసు బోర్డు దాకా ఒక్కసారి నా కాళ్ల మీద నేను వెళ్తే చాలండీ. జపానూ వద్దు, ఇండియా వద్దు. ఇంకేం అడగను."

నాకిలాంటి మాటలు చాలు. పని అప్పజెప్పినట్టు లెక్క. సైటు ఫీల్డ్ బుక్కులో తేదీ, దూరం రాయడం మొదలుపెట్టాను. రెండు వందల నలభై. రెండు వందల అరవై. రెండు వందల తొంభై. జనవరి నాలుగో తారీఖున దొరల సత్రం చేరింది, మూడు వందల ఎనభై. ఆ పెగ్గు మీద చెయ్యి వేసి, "దొరగారు ఉన్నారా?" అని అడిగి, దొరగారు బయటికి వెళ్లారట, రేపు రమ్మన్నారని తనే జవాబు చెప్పింది. ఇంకొక్క వారం, ఇంకొక్క వారం అనుకున్నాను. సాధన చేస్తే కండరం గట్టిపడుతుందనే నాకు తెలుసు. ఈ జబ్బులో కండరం అలా గట్టిపడదని, అలసిపోతే ఇంకా మంచిది కాదని, ఆస్పత్రి నర్సు కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి, దాని ముందు నుంచే రోజూ ఆమెను నడకకు తీసుకెళ్లాను.

తర్వాత ఫీల్డ్ బుక్కులో అంకెలు మూడు వందల పది, రెండు వందల నలభై, రెండు వందల నలభై, నూట యాభై. ఉద్యోగంలో ఇలాంటి అంకెలు చూస్తే గ్రాఫు గీత ఎటు పోతోందో క్షణంలో చెబుతాను. ఇక్కడ చూడలేదు. చూడదలుచుకోలేదు. ఆమె టీ కొట్టు దాటాక ఒకరోజు తూలి కెర్బు మీద పడింది. అరచేయి చీరుకుపోయింది.

"చూసి వెయ్యలేవా కాలు?" అని అరిచాను. ఖాళీ వీధిలో నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"చూసే వేసేనండీ. చూసిన చోట పడలేదు" అంది కింద కూర్చుని, చేతిలో ఇసుక దులుపుకుంటూ.

చేతికి కట్టిన కట్టు చూసి మంగాదేవి ఆంటీ నన్ను నానా మాటలూ అంది. "ఏటి నాయనా, మనిషిని పట్టుకుని గాడిదని తోలినట్టు తోల్తన్నావు? ఆ బిడ్డ ఒంట్లో ఏవుందని?" అంది. తీసుకెళ్లమన్నది తనేనని సుభద్ర అడ్డుపడింది. ఆ మాట నిజమే. సెలవులయ్యాక కూడా ఆదివారం వస్తే తనే ముందు బూట్లు తెచ్చుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

ఫిబ్రవరికి ఆమె చెప్పేది వినాలంటే దగ్గరికి వంగాల్సి వచ్చింది. కొన్ని అక్షరాలు నాలుకకు అడ్డం పడేవి. ఎడమకాలు కూడా చప్పుడు మొదలుపెట్టింది. నూరు మీటర్లు నడిస్తే గొప్ప. ఆరు వందలు ఇక జరిగే పని కాదని అప్పటికి నాకు తెలిసింది. ఆమెకు తెలుసో లేదో అడిగే ధైర్యం లేకపోయింది. అందుకని నాకు చేతనైన పని చేశాను.

ఒక శనివారం తెల్లవారుతూనే, ఆమె లేవకముందే సుత్తి పట్టుకుని వెళ్లాను. ఏడు పెగ్గులూ పీకి, స్కేలు ఆరో వంతుకు తగ్గించి మళ్లీ కొట్టాను. నోటీసు బోర్డు నూరో మీటరు దగ్గరికి వచ్చింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో హద్దు పెగ్గును అంగుళం జరిపిన పాపాన పోలేదు. జరిపిన కూలీని పనిలోంచి తీసేసిన మనిషిని. ఆ పొద్దున్న తప్పనిపించలేదు సరికదా, ఏదో పుణ్యకార్యం చేస్తున్నంత సంబరంగా ఉంది. ఈ మధ్య ఆమె తలొంచుకుని కాళ్లు చూసుకుంటూ నడుస్తోంది. పెగ్గు వచ్చినప్పుడే తలెత్తుతుంది. కనిపెట్టలేదనుకున్నాను.

తొమ్మిదింటికి మొదలుపెట్టాం. చేతిలో కర్ర పోయి, నాలుగు కాళ్ల వాకర్ వచ్చింది. నీటి చక్రం. మలుపు. టీ కొట్టు. నేనే ఎక్కువ మాట్లాడుతున్నాను. గుర్రాల కొట్టం దాటినప్పుడు ఆమె ఒకసారి ఆగి, పక్కనున్న దీపస్తంభం వైపు చూసింది. మళ్లీ నడిచింది. దొరల సత్రం. చిన్న సత్రం. నలభై నిమిషాలు పట్టింది. ముక్కు చివర చెమట బొట్టు కట్టి రాలుతోంది.

నోటీసు బోర్డు రెండు అడుగుల దూరంలో ఉంది. నేను జేబులోంచి కెమెరా తీశాను.

ఆమె ఆ రెండు అడుగులూ వెయ్యలేదు. వాకర్ మీద రెండు చేతులూ ఆన్చి పెగ్గును చూసింది. తర్వాత వీధి పైకి చూసింది. ఇంకా ఎంతో పొడవుంది వీధి.

"ఈ స్తంభం దగ్గర మొన్న టీ కొట్టుండేది" అంది. ముద్దముద్దగా, ఒక్కో మాటా ఊడదీస్తున్నట్టు. పదమూడేళ్లు రెండొందల గూళ్లను చూడకుండా చేత్తో తడిమి గుర్తుపట్టిన మనిషది. ఆమె ముందు నేను పెగ్గులు జరిపాను.

"సుభద్రా, ఎక్కడుంటేనేం? రెండు అడుగులే కదా. వచ్చెయ్యి."

"ఉత్తరం చేరలేదనుకోండి. చేరలేదని ముద్రేసి వెనక్కి పంపేస్తాం." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "ఎక్కడ ఆగిపోతే ఆ ఊరి పేరే అడ్రసని దాని మీద రాసెయ్యం కదండీ. అడ్రసు దిద్దే అధికారం మనకి లేదు."

నాకు కోపం వచ్చింది. సిగ్గేస్తే నాకు కోపమే వస్తుంది. "నీకోసం చేశాను! పొద్దున్నే లేచి నీకోసం చేశాను!" అన్నాను.

"తెలుసండీ. తీసి ఉన్న చోట పెట్టెయ్యండి" అంది. వాకర్ వెనక్కి తిప్పడానికి ఆమెకు మూడు నిమిషాలు పట్టింది. నన్ను ముట్టుకోనివ్వలేదు.

మర్నాడు పెగ్గులన్నీ తిరిగి పాత చోట్ల కొట్టాను. టేపు పెట్టి రెండుసార్లు కొలిచాను. ఆ తర్వాత ఆమె ఆ వీధిలో నడిచింది ఒక్కసారే, నీటి చక్రం దగ్గర నుంచి పన్నెండు మీటర్లు. ఫీల్డ్ బుక్కులో పన్నెండు అని రాసుకున్నాను. మార్చిలో చక్రాల కుర్చీ వచ్చింది.

ఏప్రిల్ పదకొండు మా విమానం బయల్దేరాల్సిన రోజు. పొద్దుటి నుంచి ఆమె కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. అన్నం మెత్తగా చేసి పెడితే నోరు తెరవలేదు. నేను పట్టలేకపోయాను. కుర్చీ కారులో పడేసి, ఆమెను ఎత్తి కూర్చోబెట్టి, ఆ వీధికి తీసుకెళ్లాను. కుర్చీలో వద్దని తల అడ్డంగా ఊపింది. వినలేదు. నా కాళ్లయితేనేం, నీ కాళ్లయితేనేం, ఇవాళ పైకి వెళ్తున్నాం అన్నాను. ఒగురుస్తూ తోశాను. పనులు మొదలై అప్పటికి మూడు నెలలైంది. టీ కొట్టు ఉన్నచోట ఎవరిదో గరాజు లేచింది. గుర్రాల కొట్టం మీద ఇటుకల దొంతరలు. దొరల సత్రం ముందు సిమెంటు లారీ. మలుపు పెగ్గు కూడా పోయింది గనక అడ్డంగా తిరగాల్సిన పని లేకపోయింది. తిన్నగా తోసుకుంటూ పోయాను.

ఆరు వందల మీటర్ల దగ్గర ఇనుప కంచె ఉంది. లోపల పునాది గుంటలు తవ్వి ఉన్నాయి. గుంట మూల నిలబెట్టి, కొలత దారం కట్టిన చెక్కముక్క నా పెగ్గే. తలకిందులుగా ‘నోటీసు బోర్డు’ అని నా చేతిరాత.

మేస్త్రీ ఒకాయన, ఈ దేశపు కివీ, కంచె దగ్గరికి వచ్చాడు. "మీదా ఇది? అక్కడ ఊరికే పడి ఉంటే వాడుకున్నాను. ఏ భాష? థాయా?" అన్నాడు మర్యాదగానే. తిరిగి ఇమ్మంటారా అని కూడా అడిగాడు. దారం విప్పితే వాళ్ల కొలత పోతుంది. అక్కర్లేదన్నాను.

సుభద్ర గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఆ జబ్బులో ఉన్నట్టుండి నవ్వో ఏడుపో తన్నుకొస్తుంది, ఆపుకోవడం వాళ్ల చేతుల్లో ఉండదు. కుర్చీ ముందుకు వెళ్లి ఆమె మొహం చూశాను. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. పక్కన చతికిలబడి, మోటర్‌వే మీద కార్లు పోతుంటే ఆమెతోపాటు చూస్తూ కూర్చున్నాను. ఆమె అడిగినది ఒకటే ఒకటి. అది ఇవ్వలేకపోయాను. నేను వేయించిన రోడ్డు మీద, నేను కొలిచిన ఆరు వందల మీటర్లు.

చెప్పాల్సింది ఇంకొంచెమే ఉంది. సుభద్ర ఆగస్టు పంతొమ్మిదో తారీఖు ఉదయం ఏడింటికి పోయింది. నేను పక్కన లేను. ఫోనొచ్చింది. అందుకే ముందు రోజు సంగతి చెప్పాలి.

పద్దెనిమిదో తారీఖు మధ్యాహ్నం ఆమెను హాస్పిస్‌కి తీసుకెళ్లాను. ఇక మందులతో పని లేనివాళ్లను నొప్పి లేకుండా చూసుకునే చోటది. నాకు కాస్త నిద్ర దొరకడానికి ఒక వారం ఉంచమని నర్సులే అడిగారు. మూడు వారాలుగా ఊపిరి మిషన్ పక్కన కూర్చునే ఉన్నాను. మంగాదేవి ఆంటీ కూడా వెళ్లిరమ్మంది. తల దువ్వి, బొట్టు పెట్టి, ఇంట్లో వాడకుండా పడి ఉన్న ఆకుపచ్చ శాలువా కప్పి పంపించింది.

గుమ్మంలో వాళ్లు తమ చక్రాల మంచం తెచ్చారు. ఇద్దరు కలిసి సుభద్రను మా కుర్చీలోంచి దాని మీదికి మార్చారు. పెద్ద నర్సు మంచం పట్టె మీద చెయ్యి వేసింది. "ఇక్కణ్నుంచి మేం తీసుకెళ్తాం. ఒళ్లు తుడిచి పడుకోబెడతాం. మీరు ఇంటికెళ్లి పడుకోండి, రేపు రండి" అంది.

నేనూ మంచం పట్టె పట్టుకుని ఉన్నాను. వదల్లేదు. ఆమె మళ్లీ చెప్పింది. 

సుభద్ర పెదాలు కదిలాయి. అప్పటికి ఆమె మాట నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదు. నాకూ సగమే అర్థమయ్యేది. వంగి చెవి పెట్టాను. ‘అం’ అన్నది వచ్చింది. తర్వాత చాలాసేపు ఊపిరే. తర్వాత ‘చె’.

"ఏమంటోంది? ఏమైనా కావాలా?" అంది నర్సు.

"ఏం వద్దు. పోస్టాఫీసు మాట" అన్నాను.

సుభద్ర నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, జాలి కూడా లేదు. సంచి కట్టి, ముద్ర వేసి, ఇక తీసుకెళ్లమని ఎదురుచూసే మనిషి చూపు. నేను చెయ్యి తీశాను.

మంచం తలుపుల్లోంచి వెళ్లిపోయింది. వాటంతటవే మూసుకునే తలుపులు. అవి మూసుకుంటుండగా, "నువ్వే రైటు సుభద్రా" అన్నాను. గట్టిగానే అన్నాను. రిసెప్షన్‌లో కూర్చున్నావిడ తలెత్తి చూసింది. అవతల చక్రాల చప్పుడు దూరమైంది.

ఖాళీ కుర్చీని కారు దాకా తోసుకొచ్చాను. మడిచి వెనక పెట్టాను. ఇంటికొచ్చి, మంచి నిద్ర పోయాను. ఆ నిద్రలో ఉండగానే ఫోన్ మోగింది.

పద్నాలుగు నెలల కిందట అనాల్సిన మాట నేనన్నాను. అది చేరిందో లేదో నాకు తెలియదు.